నక్కకొమ్ము: నమ్మకం ఎవరిది?

అనుకోని లాభం కలిగినవాణ్ణి తెలుగువారు ‘నక్కతోక తొక్కి వచ్చాడు’ అంటారు. తమిళులు ‘నరి ముఖం చూసి లేచాడు’ అనే అర్థం వచ్చేలా చెబుతారు. తమిళనాట తరతరాలుగా ఉన్న మనవారికి రెండు నుడికారాలూ పరిచితమే. వీటి పక్కన చేరేది నక్కకొమ్ము, తమిళంలో నరిక్కొంబు. అది దగ్గరుంటే కోరిక తీరుతుందని, పోగొట్టుకున్నా తనంతట తానే తిరిగి వస్తుందని సింహళంలో ఉన్న నమ్మకాన్ని ఎమర్సన్ టెనెంట్ 1861లోనే నమోదు చేశాడు.

ఇదంతా నక్కల వేటతో బతికిన నరిక్కురవలు సరకు అమ్ముకోవడానికి కల్పించిందేనన్న వివరణ తరచు వినబడుతుంది. ఇది మాకు సమ్మతం కాదు. ఉత్తరాదిన కూడా ఇదే తాయెత్తు ‘సియార్ సింగీ’ పేరుతో ఉంది. గుజరాతీకి దగ్గరైన వాగ్రిబోలి మాట్లాడే వీరితో ఆ వస్తువు దక్షిణానికి వచ్చి ఉండవచ్చు. అయితే వస్తువు వేరు, నమ్మకం వేరు. కొమ్ము వ్యాపారమే మూలమైతే నుడికారంలో కొమ్ము కనిపించాలి. తెలుగులో ఉన్నది తోక, తమిళంలో ఉన్నది ముఖం. రెండూ జంతువు ఎదురుపడడాన్ని, అంటే శకునాన్ని, చెబుతున్నవే.

ఆ శకునం చాలా పాతది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో నక్క కూతల ఫలితాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. అమరకోశం చెప్పిన నక్క పేర్లలో ‘వంచక’ ఉంది, ‘శివా’ కూడా ఉంది. శ్మశానంలో తిరిగే జంతువుకు మంగళవాచకమైన పేరెందుకు? మశూచిని మనవాళ్లు ‘అమ్మవారు’ అన్నట్టే ఇది కూడా భయంలోంచి పుట్టిన మర్యాద అని మా అభిప్రాయం. భయపెట్టిన జంతువుకు మంచి పేరు వచ్చింది. ఆ పేరును నమ్ముకుని అదృష్టం, అదృష్టాన్ని నమ్ముకుని కొమ్ము వచ్చాయి.

నిజానికి నక్కకు కొమ్ము లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్కను వేటాడడం, దాని అవయవాలు అమ్మడం నేరాలు. కాని దోషిగా మన కంటికి ఆనేది అమ్మినవాడే. ‘నరిక్కురవ’, తెలుగునాట ‘నక్కలవాళ్లు’ అన్న పేర్లు కూడా ఇరుగుపొరుగు పెట్టినవే. తమిళనాడులో వీరికి షెడ్యూల్డు తెగల జాబితాలో చోటు దొరికింది 2023లో. ఒక మూఢనమ్మకానికి వ్యుత్పత్తి చెప్పేటప్పుడు కొన్నవాడి ఆశను వదిలేసి అమ్మినవాడి ఆకలిని మాత్రమే లెక్కవేస్తే అది శాస్త్రం అనిపించుకోదు.