తేదీ లేని డ్రమ్ము

భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల ప్రాంతముల గిరిజన ఆశ్రమ పాఠశాలలలో పిల్లలు అక్కడే నివసించి అక్కడే భుజింతురు. ఇట్టి వసతిగృహముల స్టాకు రిజిస్టరు ఎంత సరుకు వచ్చినది, ఎంత వాడినది, ఎంత మిగిలినది కిలోలలో చూపును. సరుకు దారి మళ్లకుండుటకు ఈ లెక్క చాలును. రోగము రాకుండుటకు చాలదు.

ముందు వచ్చిన సరుకును ముందు వాడవలెనని 2011 నాటి ఆహార భద్రతా నియమములు చెప్పుచున్నవి. మంచి నియమమే. కాని సంచి విప్పి పప్పును డ్రమ్ములో పోసినంతనే తేదీ సంచితో పోవును. పాత పప్పుపై క్రొత్తది పోసినచో ఏది ముందు వచ్చినదో ఎవరు చెప్పగలరు? వరదలలో దారులు మునుగునని సరుకును ముందే చేర్చియుంచు ఏజెన్సీ గ్రామములలో ఈ ప్రశ్న మరింత ముఖ్యము. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 70 అడుగులు దాటినది గదా!

పొట్లముపై తేదీ ఉన్నదందురా? 2020 నాటి లేబిలు నియమముల ప్రకారము వివరములు ఇంగ్లీషులోగాని హిందీలోగాని ఉన్న చాలును. ఇంట కోయభాష మాట్లాడి, బడిలో తెలుగు నేర్చిన వంటమనిషికి అవి ఎట్లు ఉపయోగపడును?

వండిన అన్నమునకు లెక్క రోజులలో కాదు, గంటలలో. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి సిద్ధబీజములు వంటవేడికి చావవు. 5 నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య సూక్ష్మజీవులు పెరుగును. ఇచ్చటి వేసవి 40 డిగ్రీలు దాటుచుండును. అనుకూల పరిస్థితిలో 20 నిమిషములకొకసారి రెట్టింపైనచో ఒక్కటి 4 గంటలలో 4,096 అగును. అది విడుచు విషములలో ఒకటి మరల వేడిచేసినను నశింపదు. కావుననే వండినదానిని 2 గంటలకు మించి బయట ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.

పేరు లేని డబ్బా మరింత ప్రమాదము. 2013 జూలైలో బీహారులోని గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలినది. మిరప, ప్రత్తి పండించు ఖమ్మం పల్లెలలో పురుగుమందు డబ్బాలు క్రొత్త కావు. అవి ఎంత కడిగినను వంటశాలకు రాకూడదు.

దిద్దుబాటు కష్టము కాదు. పాత సరుకు పూర్తిగా వాడి, డ్రమ్ము కడిగి ఆరబెట్టి, క్రొత్తది పోయవలెను. మూతపై సరుకు పేరు, విప్పిన తేదీ, గడువు తేదీ సుద్దతో తెలుగున వ్రాయవలెను. చదువురానివారికై నెలకొక రంగు త్రాడు కట్టవచ్చును. అన్నపు గుండిగపై వండిన గంట వ్రాయవలెను. రిజిస్టరులో గడువు తేదీకి ఒక గడి చేర్చవలెను. సైన్సు ఉపాధ్యాయులు వారమునకొకసారి విద్యార్థులచే ఈ తేదీలు చదివించినచో, పాఠమును సాగును, పిల్లల భోజనమునకు రక్షణయు కలుగును.