తెరకు తగిన బొమ్మ

ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు అనంతపురపు మెట్టనేలలో, విరాటపర్వ మాడించినచో మేఘము కరుణించునను నమ్మిక చిరకాలముగా కలదు. ఆ ఆటకు వలయు తోలుబొమ్మలను చేయు చిత్రకారులు ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో నేటికిని ఉన్నారు. 2022లో ఆ యూరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, సరిహద్దు మారినంత మాత్రమున వాన పెరుగలేదు. ఇంట మరాఠీ మాటలాడుచు తెరవెనుక తెలుగు పద్యము పాడు ఈ కుటుంబములవారిలో దళవాయి చలపతిరావుగారు 2020లో పద్మశ్రీ నందిరి.

మేకతోలును పారదర్శకమగునంతగా గీకి, ఇరువైపుల రంగులద్ది, భుజము, మోచేయి, నడుము, మోకాలు వేరువేరుగా కోసి దారముతో కూర్చి, నిలువునా ఒక బద్దను బిగించినచో బొమ్మ సిద్ధమగును. భారతదేశపు ఛాయాబొమ్మలలో ఆంధ్రదేశపువి మిక్కిలి పెద్దవి. నాలుగైదడుగుల ఎత్తు సామాన్యము. ఇది ఆడంబరము గాదు. ఆముదపు దీపపు వెలుగున, కడపటి వరుసలో కూర్చున్న ముదుసలికి సైతము కీచకుడెవడో భీముడెవడో తెలియవలెను గదా! ఆరోగ్యమైన కన్ను రెండు వెలుగుచుక్కలను వేరుగా గుర్తించుటకు వానినడుమ డిగ్రీలో అరువదవ వంతు కోణమైన ఉండవలెను. పది మీటర్ల దూరమున అది సుమారు 3 మిల్లీమీటర్లు. కిరీటముపై తొలిచిన రంధ్రములు అంతకన్న దగ్గరపడినచో, దూరపువానికి రత్నపంక్తి ఒక్క వెలుగుగీతగా కలిసిపోవును. బొమ్మను తెరకు ఆనించిన గీత పదునుగా నిలుచును; దీపమువైపు జరిపినకొలది నీడ పెరిగి అంచు చెదరును.

ఆటలు తగ్గి, దీపపు తొడుగులును గోడపటములును చేయవలసివచ్చినపుడు, అడుగుల బొమ్మను అంగుళములలోనికి అదే నిష్పత్తిలో కుదించిన పని జరుగదు. చేతిలోనున్న వస్తువున కన్ను సూక్ష్మమును చూడగలదు. అడ్డు వచ్చునది తోలు, రంధ్రములు క్రిక్కిరిసిన అది చిరుగును. ఏ నగ నుంచవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయించుటయే పనితనము.

పెద్ద తెరను చిన్నదానికి అమర్చు ఈ చిక్కే అంతర్జాలపు పేజీలకును కలదు. 2010లో ఈథన్ మార్కాట్ అను అమెరికా వెబ్ రూపకర్త, పేజీ వెడల్పును శాతములలో నిలుపుట, చిత్రములను తెరతోపాటు సాగనిచ్చుట, తెర వెడల్పు నడిగి అమరికను మార్చుట అను మూడు పద్ధతులను ఒక్కచోట చేర్చి ‘రెస్పాన్సివ్’ అని పేరిడెను. నాకు అంతకన్న ముచ్చట గొలుపునది, అట్టి పేజీల రూపమును నిర్దేశించు సీఎస్ఎస్ ప్రమాణములోని పిక్సెలు నిర్వచనము. అంగుళమునకు 96 చుక్కలున్న తెరను చేయిచాపు దూరమున, అనగా 28 అంగుళముల యెడమున, చూచువానికి ఒక్క చుక్క యెంత కోణముగా కనబడునో అంతయే దాని కొలత. గోడపై అది పెద్దదగును, ఫోనులో చిన్నదగును. సూక్ష్మమైన ఫోనుతెరలో ఒక్క పిక్సెలు స్థానమును తొమ్మిది చుక్కలు నింపవచ్చును. చూపరి కంటికి మాత్రము దాదాపు ఒక్కటే. అంగుళమును విడిచి కన్నునే మానదండముగా గొను ఈ విద్యను నిమ్మలకుంటవారు గణితము లేకయే అభ్యసించిరి.

తెలుగుపేజీ చిక్కు వేరు. ఇంగ్లీషు కొలతల చట్రములో మన లిపిని పోసినచో ఒత్తులు క్రిందిపంక్తి గుడులపై పడును; దీర్ఘసమాసము ఫోను వెడల్పున ఇముడక తెర దాటిపోవును. సీమపల్లెలలో పలువురికి అంతర్జాలమనగా చేతిఫోనే గనుక, ముందు ఆ యిరుకుతెరకే పేజీని కూర్చి, రెండొత్తులు పేరిన ‘స్వాతంత్ర్యము’ వంటి మాట క్రిందిపంక్తిని తాకకుండ ఎడము సరిచూచి, ఆపైననే బల్లకంప్యూటరుకు విస్తరింపవలెను.