హైదరాబాదు పేరు మోసిన విమానం

1918లో నాందేడ్ హైదరాబాదు సంస్థానంలో ఒక జిల్లా. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు వైపు ఊళ్ళలో తెలుగు అప్పుడూ ఇప్పుడూ ఇళ్ళల్లో వినబడే భాషే. ఆ ఏడాది దక్కనులో వానలు ముఖం చాటేశాయి. వాటి వెనకే ఇన్‌ఫ్లుయెంజా వచ్చి పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడటానికి ఇంగ్లండు నుంచి ఒక బాంబర్ స్క్వాడ్రన్ ఫ్రాన్సుకు ఎగిరింది. దాని విమానాలన్నీ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన కానుక. ఆ సంగతి ప్రతి విమానం ఒంటి మీదా రాసి ఉంది. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ 110వ స్క్వాడ్రన్ అది. హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు దానికి అలా స్థిరపడింది.

కానుక నిజాం పేరు మీదే వెళ్ళింది. కానీ సంస్థానం ఖజానాకు పెద్ద రాబడి భూమిశిస్తు. గోదావరి ఒడ్డున జొన్న, పత్తి పండించిన నాందేడ్ రైతు చెమటా, కరీంనగర్ రైతు చెమటా ఆ రెక్కల్లో కలిసి ఉన్నాయనే నేను నమ్ముతాను. అందుకే ఆ విమానాన్ని ఎవరో పరాయివాళ్ళ వస్తువుగా చూడలేను. దాన్ని ఎలా కట్టారో తెలుసుకుంటే మన ఇంటి వస్తువు గురించి విన్నట్టే ఉంటుంది.

ఆ విమానం పేరు డీహెచ్-9ఏ. ‘ఏ’ అక్షరాన్ని ‘యాక్’ అని పలికే సైనికుల నోట ‘నైన్-యాక్’ కాస్తా ‘నినాక్’ అయింది. దీనికి ముందు వచ్చిన డీహెచ్-9 నమూనా బాగుంది గానీ ఇంజన్ పస లేనిది. బాంబులెత్తుకుంటే ఎత్తుకు చేరలేక, శత్రువుల ఫైటర్లకు సులువుగా చిక్కేది. దాన్ని బాగుచేసే పని ఇంగ్లండులో యోవిల్ పట్టణంలోని వెస్ట్‌లాండ్ కంపెనీకి అప్పగించారు. అక్కడివాళ్ళు పాత నమూనాను అవతల పారెయ్యలేదు, అలాగని పైపైన అతుకులూ వెయ్యలేదు. 42 అడుగుల పైచిలుకు ఉన్న రెక్కల వెడల్పును దాదాపు 46 అడుగులకు పెంచారు. రెక్కల లోతూ పెంచారు. మొండెం లోపల ప్లైవుడ్ అడ్డుపలకలు తీసేసి, తీగలతో ఐమూలగా బిగించి గట్టిపరిచారు. ముక్కున 400 గుర్రాల శక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజన్ పెట్టారు.

ఈ ఇంజన్ పుట్టుకే ఒక విశేషం. 1917లో జెస్సీ విన్సెంట్, ఎల్బర్ట్ హాల్ అనే ఇద్దరు ఇంజనీర్లు వాషింగ్టన్‌లోని విల్లర్డ్ హోటల్లో కూర్చుని, వారం తిరగకుండా దీని ప్రాథమిక నక్షా గీసేశారు. 12 సిలిండర్లు రెండు వరసల్లో, వరసల మధ్య 45 డిగ్రీల కోణం. ఒక్కో సిలిండర్ విడివిడిగా చేసిన ఉక్కు గొట్టం. దాని చుట్టూ నీరు తిరిగే పలుచని కవచాన్ని వెల్డింగ్ చేశారు. ఒక సిలిండర్ పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. వేలకొద్దీ తయారు చెయ్యాల్సిన వస్తువు ఎలా ఉండాలో ఎరిగినవాళ్ళ ఆలోచన ఇది.

అయినా నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇంజన్ కాదు, రెక్క. ఒక దాని మీద ఒకటి రెండు జతల రెక్కలు. వాటి నడుమ నిలువు కర్రలు, ఆ కర్రల మధ్య ఏటవాలుగా సాగిన ఉక్కు తీగలు. ఒక తీగ లాగుతుంటే ఎదురు తీగ పట్టి ఆపుతుంది. ఎగిరేటప్పుడు రెక్కను మోసేవి కొన్ని, దిగేటప్పుడు కుంగకుండా కాచేవి కొన్ని. లోపలి అడ్డదూలాలు స్ప్రూస్ కర్రవి. బలం అక్కర్లేని చోట కర్రను తొలిచి బరువు తగ్గించారు. ఈ రెక్క చట్రం మీద లినెన్ గుడ్డ కప్పి, రెక్క పక్కటెముకలకు దారంతో కుట్టి, ఆపైన ‘డోప్’ అనే ద్రావణం పూస్తారు. అది ఆరేకొద్దీ గుడ్డ ముడుచుకుని, సెగ చూపిన డప్పు తోలులా బిగుసుకుంటుంది. పైలట్ ప్రాణం ఆ కుట్టు మీద ఆధారపడి ఉంటుంది. ఇంగ్లండు విమాన కార్ఖానాల్లో ఈ గుడ్డపనిలో చాలావరకు ఆడవాళ్ళే ఉండేవారు. వాళ్ళ పేర్లు ఏ విమానం మీదా లేవు.

మనుషులు కూర్చునే చోటులోనూ వివేకం ఉంది. ఇంకా పాతదైన డీహెచ్-4లో పైలట్‌కూ వెనక తుపాకీ పట్టే అబ్జర్వర్‌కూ నడుమ పెట్రోలు ట్యాంకు ఉండేది. ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. డీహెచ్-9 నుంచి ఇద్దరినీ వీపుకు వీపు ఆనేంత దగ్గరకు తెచ్చారు. ముందు విక్కర్స్ తుపాకీ, వెనక గుండ్రంగా తిరిగే చట్రం మీద లూయిస్ తుపాకీ. వెనక నుంచి ఫైటర్ వస్తోందని చెప్పడానికి భుజం తడితే చాలు.

1917 నవంబరు 1న పుట్టిన 110వ స్క్వాడ్రనే డీహెచ్-9ఏలతో యుద్ధానికి వెళ్ళిన మొదటి దళం. ఫ్రాన్సులో బెటన్‌కూర్ మైదానం నుంచి, హ్యూ ట్రెంచార్డ్ నడిపిన ఇండిపెండెంట్ ఫోర్స్‌లో భాగంగా పనిచేసింది. పట్టపగలు, ఫైటర్ల తోడు లేకుండా జర్మనీ లోపలికి వెళ్ళి రైల్వే కూడళ్ళ మీద, కర్మాగారాల మీద, విమాన మైదానాల మీద బాంబులు వెయ్యడం దాని పని. గుంపు విడిపోతే చావే. వెళ్ళినవాళ్ళలో తిరిగిరానివాళ్ళు చాలామంది. బాంబులు పడ్డ ఊళ్ళలోనూ మామూలు మనుషులే ఉన్నారు. పనితనాన్ని ఎంత మెచ్చుకున్నా ఈ మాట మరిచి రాయడం నాకు చేతకాదు.

యుద్ధం ముగిశాక 1919లో స్క్వాడ్రన్‌ను రద్దు చేసి, 1937లో మళ్ళీ నిలబెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మర్నాడు, 1939 సెప్టెంబరు 4న, విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవులోని జర్మన్ యుద్ధనౌకల మీద దాడికి వెళ్ళిన బ్లెన్‌హైమ్ విమానాల్లో దీనివీ ఉన్నాయి. 1942లో ఇండియాకు వచ్చి, వెంజన్స్ విమానాలతో బర్మా సరిహద్దులో పోరాడింది. చివరి ఏళ్ళు మలయా, సింగపూర్‌లలో హెలికాప్టర్లతో గడిచాయి. 1971 ఫిబ్రవరిలో కథ ముగిసింది. హైదరాబాదు పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు మరో రెండు ఉండేవి, 152, 253. 152వ దళం చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగాయే.

ఆ కానుక విమానాల్లో ఒకటి ఇంకా మిగిలి ఉంది. ఎఫ్1010, యోవిల్‌లో వెస్ట్‌లాండ్ కట్టినదే. 1918 అక్టోబరు 5న జరిగిన దాడిలో కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ దీన్ని శత్రుభూమి మీద దించాల్సి వచ్చింది. ఇద్దరూ బందీలయ్యారు, విమానం జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ విమాన మ్యూజియంలో అది విజయచిహ్నంగా నిలిచింది. రెండో యుద్ధంలో ఆ నగరం మీద బాంబులు పడుతుంటే తూర్పుకు తరలించారు, అలా పోలండ్‌లో తేలింది. 1977లో క్రాకోవ్ మ్యూజియం ఒక స్పిట్‌ఫైర్ తీసుకుని దీన్ని బ్రిటన్‌కు ఇచ్చింది. ఆ స్పిట్‌ఫైర్ ఇప్పటికీ క్రాకోవ్‌లోనే ఉంది.

వచ్చినది మొండెమే, రెక్కలు లేవు. బాగుచేసినవాళ్ళు పాత పద్ధతిలోనే కొత్త రెక్కలు కట్టారు. కర్ర చెక్కడం, పక్కటెముకలు అతికించడం, గుడ్డ కుట్టడం, తీగలు సరితూచి బిగించడం, అన్నీ మళ్ళీ మొదటి నుంచి. ఒక తీగ ఎక్కువ బిగిస్తే రెక్క మెలి తిరుగుతుంది, తక్కువైతే వేలాడుతుంది. అంతకు అరవై ఏళ్ళ ముందు యోవిల్‌లో ఒక చేతి నుంచి మరో చేతికి నేర్చుకుంటూ వచ్చిన పనిని, నేర్పే పెద్దలు దాదాపు కరువైన కాలంలో వాళ్ళు సాధించారు. మొదట కట్టినవాళ్ళకు ఇచ్చినంత గౌరవం వీళ్ళకూ ఇవ్వాలి.

ఎఫ్1010 ఇప్పుడు లండన్ శివారు హెండన్‌లో, రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. ప్రవేశానికి టికెట్ లేదు. నాందేడ్ నుంచో నిజామాబాద్ నుంచో అక్కడికి చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలుంటే ఒక పూట కేటాయించమని చెప్పండి. రెక్కలు కొత్తవని తెలుసుకుని చూడమనండి, ఆపైన మొండెం దగ్గరకు వెళ్ళి దాని మీది రాత చదవమనండి.