డయాస్పోరా ఎవరి మాట?

తెలుగు సాహిత్య విమర్శలో 'డయాస్పోరా' అనే ఇంగ్లీషు మాట చెలామణీ అవుతోంది. గ్రీకులో దాని మూలార్థం వెదజల్లడం. దేశం విడిచి చెదిరిన యూదుల విషయంలో స్థిరపడింది. దివిసీమలో వెదజల్లడమంటే ఎవరికీ చెప్పక్కర్లేదు. అయితే చల్లడానికి ముందు చేనుండాలి గదా! చేనెవరిది? మాలపల్లె, మాదిగగూడెం ఊరికి బయటే ఉన్నాయి. ఊరే తనది కానివాడు ఏ మాతృభూమి కోసం బెంగపడాలి?

గుడివాడ నుంచి అమెరికా వెళ్లిన డాక్టరు, ఇంజనీరు డయాస్పోరా. మరి సర్కారు జిల్లాల నుంచి రంగూన్ పోయి ఓడరేవులో బరువులు మోసినవాళ్లు? కోరంగి రేవు పేరు పెట్టి వాళ్లని 'కొరంగీలు' అన్నారు. 1930 మే అల్లర్లలో రంగూన్లో ప్రాణాలు పోగొట్టుకున్నది ఈ తెలుగు రేవు కూలీలే. 1942లో జపాను దాడికి కాలినడకన తిరిగొచ్చినవాళ్లలోనూ వాళ్లున్నారు. వీళ్లంతా మన విమర్శకులకి ఉత్త 'వలస కూలీలు'.

ఆ 'వలస' మాత్రం తక్కువ తిన్నదా? 1611లో బందరులో కోఠీ పెట్టిన ఇంగ్లీషు కంపెనీ చివరికి తెచ్చింది వలస పాలన. కూలోడు పొట్ట చేతబట్టుకు పోయినా వలసే. ఏలడానికొచ్చినవాడికీ బతకడానికి పోయినవాడికీ ఒకే మాట!

మేం డయాస్పోరాని పరీక్షించడానికి సుజాత గిడ్ల ఇంగ్లీషు పుస్తకం 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017) తీసుకుంటాం. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరు పని చేస్తూ రాసిందామె. మేనమామ సత్యమూర్తి (శివసాగర్), తల్లి మంజుల, గుడివాడ రోజులు అందులో ఉన్నాయి. ఆమె అమెరికా నుంచి వెనక్కి చూసింది ఊరి మీద బెంగతో కాదు, కులం లెక్క తేల్చడానికి. డయాస్పోరా సంకలనాలు వేసేవాళ్లు దీన్నెక్కడ పెడతారో చెప్పాలి.