ఎవరికి గుర్తులేదు?

ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న మనలో చాలామందికి జీన్ రీస్ నవల 'వైడ్ సర్గాసో సీ' (1966) ఒక విముక్తి పాఠం. షార్లెట్ బ్రాంటే 'జేన్ ఐర్' (1847)లో మేడపైగదిలో బంధించి ఉంచిన పిచ్చి భార్య బెర్తాకి ఈ నవల ఆంటొనెట్ అన్న పేరునీ, బాల్యాన్నీ, పుట్టిన నేలనీ తిరిగి ఇచ్చింది. స్త్రీని పిచ్చిదాన్ని చేయడంలో పెళ్లీ, ఆస్తీ, సామ్రాజ్యం ఎలా చేతులు కలుపుతాయో చూపించింది. అయితే ఒక స్త్రీ గొంతు వినిపించే క్రమంలో ఇంకెవరి గొంతు వినిపించకుండా పోయింది అన్న ప్రశ్న ఈ నవలని అడగక తప్పదు.

నవల రెండో భాగం పేరు చెప్పని ఒక ద్వీపంలో నడుస్తుంది. రీస్ 1890లో పుట్టి, పెరిగిన డొమినికా పోలికలు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. కొత్త దంపతులు మాసకర్ అనే ఊళ్లో ఆగుతారు. ఆ పేరుకి అర్థం ఊచకోత. ఇక్కడ చంపింది ఎవరిని, బానిసలనా అని భర్త అడుగుతాడు. బానిసలని కాదనీ, ఎప్పుడో ఏదో జరిగి ఉంటుందనీ, అదెవరికీ జ్ఞాపకం లేదనీ ఆంటొనెట్ చెబుతుంది. కథ ముందుకి సాగిపోతుంది.

మాసకర్ డొమినికాలో నిజంగా ఉన్న ఊరు. అక్కడ జరిగింది చరిత్రలో ఉంది. ఇంగ్లీషు వలసపాలకుడు థామస్ వార్నర్‌కీ ఒక కలినాగో స్త్రీకీ పుట్టినవాడిగా చరిత్రకెక్కిన 'ఇండియన్' వార్నర్‌ని, అతని మనుషులనీ 1674లో అతని సవతి సోదరుడు ఫిలిప్ చంపించాడు. ఫిలిప్ మీద విచారణ జరిగింది, నిర్దోషిగా విడుదలయ్యాడు. తండ్రి పేరు, కొడుకు పేరు, చంపించినవాడి పేరు అన్నీ నమోదయ్యాయి. తల్లి విషయంలో మాత్రం చాలా చరిత్రలు 'కలినాగో స్త్రీ' అన్న మాట దగ్గరే ఆగిపోతాయి.

కలినాగోలు, అంటే యూరోపియన్లు 'కారిబ్'లన్నవాళ్లు, తమ ద్వీపాన్ని వైటుకుబులి అనేవారు. ఆమె దేహం పొడవైనది అని దానర్థం. 1493 నవంబర్ 3న కొలంబస్ దాన్ని చూశాడు. ఆ రోజు ఆదివారం కాబట్టి డొమినికా అని పేరు పెట్టాడు. తర్వాత తోటల కోసం ఆఫ్రికా నుంచి బానిసలని తెచ్చారు. నేటి ప్రజల్లో అత్యధికులు వాళ్ల సంతతే. రీస్ తల్లి కుటుంబం బానిసలున్న తోటల యజమానులు. 1830లలో బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం యజమానులకి దక్కింది, బానిసలకి కాదు. ఆంటొనెట్ దుఃఖం ఆ వర్గం పతనంలోంచి పుట్టిన దుఃఖం. రీస్ ఆ సంగతి దాచలేదు.

గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1985లో ఈ నవలని చదువుతూ, మార్టినీక్ నుంచి వచ్చిన నల్లజాతి దాది క్రిస్టోఫీన్ కథ పక్కకే నెట్టబడిందని చూపించింది. తెల్ల క్రియోల్ స్త్రీ కోసం తిరగరాసిన కథలో ఆమె ఇమడదంది. ఆ ప్రశ్నని ఇంకొంచెం ముందుకి తీసుకెళ్లాలి. క్రిస్టోఫీన్ కన్నా ముందు ఈ నేల మీద ఉన్నవాళ్ల మాటేమిటి?

రీస్ వాళ్ల సంగతి ఎరగనిది కాదు. 1936లో ఆమె డొమినికాకి వెళ్లింది. ఆ ప్రయాణం నేపథ్యంగా రాసిన 'తాం పెర్ది' కథలో కారిబ్ స్త్రీలకి మగవాళ్లకి తెలియని రహస్యభాష ఉండేదన్న ప్రస్తావన ఉంది. కథలో అదొక వింతగా మెరిసి మాయమవుతుంది.

ఆ వింత వెనక పెద్ద చరిత్రే ఉంది. 17వ శతాబ్దంలో డొమినికాలో ఉన్న ఫ్రెంచి మతగురువు రేమండ్ బ్రెటన్ తన నిఘంటువులో కలినాగో స్త్రీల మాటల్నీ పురుషుల మాటల్నీ వేరువేరుగా నమోదు చేశాడు. కారిబ్ మగవాళ్లు దండెత్తి వచ్చి, అరవాక్ మగవాళ్లని చంపి, వాళ్ల ఆడవాళ్లని తీసుకున్నారని, అందుకే రెండు భాషలని చాలాకాలం చెప్పుకున్నారు. ఆధునిక భాషావేత్తలు చెప్పేది వేరు. అందరూ మాట్లాడిన భాష వ్యాకరణం ప్రధానంగా అరవాక్ కుటుంబానిదే. మగవాళ్ల భాష అన్నది దాని మీద చేరిన కొన్ని కారిబ్ మాటల పొర. అంటే స్త్రీలది అని పక్కన పెట్టిందే ఆ జాతి మాతృభాష! డొమినికాలో అది 20వ శతాబ్దం తొలినాళ్లలో వాడుకలోంచి పోయింది. సెయింట్ విన్సెంట్ ద్వీపం నుంచి బ్రిటిష్ వాళ్లు 1797లో వెళ్లగొట్టిన గరిఫునాలు, అంటే ఆఫ్రికన్, కలినాగో కలయిక సంతతి, దాని రూపాన్ని మధ్య అమెరికాలో ఇప్పటికీ మాట్లాడుతున్నారు.

కాబట్టి ఎవరికీ గుర్తులేదన్న జవాబు ఆంటొనెట్ వర్గానిది. డొమినికా ఈశాన్య తీరంలో 1903లో గీసిచ్చిన 3,700 ఎకరాల్లో కలినాగోలు ఈనాటికీ జీవిస్తున్నారు. వాళ్లలోంచి వచ్చిన సిల్వానీ బర్టన్ 2023లో దేశాధ్యక్షురాలయ్యారు. ఆ పదవిలో మొదటి స్త్రీ, మొదటి కలినాగో ఆమే. ఒక పదవితో భూమి, భాష తిరిగి రావు. కానీ అంతరించిన జాతి అంటూ విషాదంగా తలుచుకునే సౌకర్యం మనకిక లేదు.

'వైడ్ సర్గాసో సీ'ని మళ్లీ చదువుదాం, పాఠాల్లో చెబుదాం. మాసకర్ దగ్గర మాత్రం ఆగి, గుర్తులేనిది ఎవరికి అని అడుగుదాం. అలా అడిగినంత మాత్రాన బెర్తాని మళ్లీ ఆ మేడపైగదిలో పెట్టి తాళం వేసినట్టు కాదు.