ఆమె వంతు ఎప్పుడు?

నిరుడు వేసవి సెలవులకి సాలూరు వచ్చిన మా మేనకోడలు ఓ సంచీనిండా పాచికలు తెచ్చింది. నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలవి. ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటట. ఒకరు సూత్రధారిగా కూర్చుని కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలో పాత్ర తీసుకుని, తన వంతు రాగానే ‘నేనిది చేస్తాను’ అంటారు. చేయగలిగిందో లేదో పాచిక తేలుస్తుంది. ఏళ్ల తరబడి క్లాసులో నాటకాలు చెప్పినదాన్ని కదా అని నన్ను సూత్రధారిని చేశారు. మా పిల్ల, దాని స్నేహితురాళ్లిద్దరు, పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయి ఆడటానికి కూర్చున్నారు.

ఎంచుకున్న కథ ‘రావెన్‌లాఫ్ట్’. 1983లో ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులు రాశారు. మేం ఆడింది మాత్రం 2014 నాటి నియమాలతో. పాత కథని కొత్త నియమాల్లోకి మార్చుకుని ఆడటం ఈ ఆటగాళ్లకి బాగా అలవాటు. ప్రచురణకర్తలు కూడా 2016లో ఇదే కథని పెంచి ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’గా తెచ్చారు. 2017లో మరో ఏడు పాత సాహసకథల్ని ఒక సంపుటిగా వేశారు.

అంకెలు మార్చడం తేలికే. పాత పద్ధతిలో కవచం అంకె ఎంత తగ్గితే అంత రక్షణ, ఇప్పుడు ఎంత పెరిగితే అంత. ఇరవైలోంచి పాత అంకె తీసేస్తే చాలు. 1981 నాటి మొదటి మెట్టు పుస్తకం ప్రకారం ప్రాణబలం సున్నా అయితే పాత్ర చచ్చిపోయినట్టే. ఇప్పుడు సున్నాకి పడినా స్పృహ తప్పుతుందంతే. వంతు వచ్చినప్పుడల్లా పాచిక వేస్తారు. మూడుసార్లు పదో అంతకు మించో పడితే బతికి బయటపడుతుంది, మూడుసార్లు తక్కువ పడితే పోతుంది.

కొన్ని నియమాలు మారిన తీరు మనకి ఆసక్తి కలిగిస్తుంది. 1978 నాటి ఆటగాళ్ల పుస్తకంలో స్త్రీ పాత్ర బలానికి ఒక హద్దు గీశారు. పాచిక ఎంత బాగా పడినా మగవాడికి దక్కే గరిష్ఠ బలం ఆమెకి దక్కదు. 1989లో వచ్చిన రెండో కూర్పులో ఆ హద్దు లేదు. 1979 నాటి సూత్రధారి పుస్తకంలో, నగరవీధిలో ఎదురయ్యే వేశ్య ఏ రకమో పాచిక వేసి తేల్చుకునే పట్టిక కూడా ఉంది. దెయ్యాలూ మంత్రాలూ ఉన్న ఊహాలోకం కట్టుకుంటున్నప్పుడు కూడా పితృస్వామ్యాన్ని పక్కన పెట్టడానికి వాళ్లకి ఊహ చాలలేదు.

ఆ హద్దు పోయింది, ఆ పట్టిక పోయింది. మరి కథ మారిందా?

రావెన్‌లాఫ్ట్ కోట ప్రభువు స్ట్రాడ్. తమ్ముడి వధువు తత్యానాని కోరుకుని, పెళ్లినాడే తమ్ముణ్ని చంపుతాడు. వెంటాడుతుంటే ఆమె కోటగోడ మీంచి దూకేస్తుంది. అతను రక్తపిశాచి అయి బతుకుతాడు. తర్వాతెప్పుడో అదే రూపంతో ఇరీనా అనే పిల్ల పుడుతుంది, మళ్లీ వెంటపడతాడు. ఇరీనాని కాపాడటం ఆటగాళ్ల పని. పుస్తకంలో ఆమె సూత్రధారి చేతిలోని పాత్ర. 2016 నాటి కూర్పులోనూ కథకి ఇరుసు ఇదే. నేను ఎంత శ్రద్ధగా అంకెలు మార్చినా ఇది మారలేదు. మారే చోట అసలు అంకే లేదు.

పక్కింటమ్మాయి అడిగింది: ‘‘ఏటి పిన్నీ, ఆయమ్మకి పాచిక ఇవ్వరేటి? మాకైతే పడిపోయాక కూడా మూడు అవకాశాలున్నాయి కదా!’’

నా దగ్గర జవాబు లేదు. మా సాలూరు నుంచి బొబ్బిలి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయే ముందు లోపలి స్త్రీలని సొంతవాళ్లే చంపేశారు. బుర్రకథల్లో తాండ్ర పాపారాయుడి కత్తికి వంతు వచ్చినంతగా ఆ ఆడవాళ్ల నోటికి రాలేదు. అవతలి పక్షంలో విజయరామరాజు హతుడయ్యాక అతని సోదరి పైడిమాంబ విజయనగరం పెద్దచెరువులో కలిసిపోయిందని కథ. జనం ఆమెని చనిపోయినదానిగా వదిలెయ్యలేదు, పైడితల్లి అమ్మవారిని చేసి కొలుచుకుంటున్నారు. ఏటా సిరిమాను ఉత్సవంలో అమ్మవారికి ప్రతిరూపంగా మాను చివర కూర్చునేది మాత్రం పూజారి, అంటే మగవాడు. అదీ ఒక పాత్రధారణే అనిపిస్తుంది నాకు.

తత్యానాకి పాచిక ఇద్దామని పిల్లలన్నారు. పది దాటితే బతుకుతుంది. నాకు మనసొప్పలేదు. చనిపోయిన ఆడవాళ్లని కొత్త నియమంతో బతికించేస్తే మనకి హాయిగా ఉంటుంది, కానీ వాళ్లని చంపిందేదో కనపడకుండా పోతుంది. వేశ్యల పట్టిక తీసేయడం మంచిదే, అయితే ఒకప్పుడు ఉందన్న సంగతి కూడా తుడిచేస్తే నష్టం మనకే. మన పాత కావ్యాలనీ నాటకాలనీ ఇవాళ మళ్లీ చదివే మనందరికీ ఈ చిక్కు ఎదురయ్యేదే. అలాగని దూకడం ఆమె రాత అని ఊరుకోవడమూ కుదరదు.

చివరికి మేం ఒక నియమం పెట్టుకున్నాం. గోడ మీద నిలబడ్డ ఆ క్షణం తత్యానా వంతు. పాత్ర ఒక అమ్మాయి తీసుకోవాలి, ముందు మాట్లాడాలి, పాచిక సంగతి తర్వాత. పక్కింటమ్మాయే తీసుకుంది. ఆ నెలలోనే వాళ్లింట్లో దానికి సంబంధాలు చూస్తున్నారు. ‘‘దూకుతానో లేదో తర్వాత. ముందు ఇక్కడిదాకా నన్నెవరు తెచ్చారో చెప్తాను’’ అని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడింది. అందులో సగం మాటలు ఆ కోటవి కావు. మేమెవరం అడ్డురాలేదు.

పాచిక వెయ్యకుండానే ఆ రాత్రి ఆట ఆపేశాం. మర్నాడు నేను పుస్తకం మళ్లీ ముందేసుకుని కూర్చున్నాను. ఈసారి కవచాల అంకెలు వదిలేసి, కథలో వంతు లేనివాళ్ల పేర్లు ఒక్కొక్కటే కాగితం మీద రాసుకుంటూ వచ్చాను.