తెజుకా ‘బుద్ధ’: మాంగా నుండి యానిమేషన్ చిత్రానికి – ప్రకరణవక్రతా దృష్టితో పరిశీలన

2025 జనవరి 24న ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ అనే జపాన్–భారత సంయుక్త యానిమేషన్ చిత్రం తెలుగు సంభాషణలతో కూడా థియేటర్లకు వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరులో గోతోగే కోయోహరు రచించిన మాంగా ఆధారంగా నిర్మితమైన ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగులో విడుదలయింది. జపనీయ చిత్రకథారూపమైన మాంగా, దాని యానిమేషన్ రూపాలు తెలుగు ప్రేక్షకులకు ఇప్పుడు తెలుగులోనే అందుతున్నాయి. అయితే వీటిని గురించి మాట్లాడవలసి వచ్చినపుడు తెలుగు విమర్శ చేతిలో ఉన్న కొలమానం తరచుగా ఒక్కటే: మూలానికి ఎంత విధేయంగా ఉన్నది? ఈ కొలమానం ఎక్కడ పనికిరాకుండా పోతుందో చూపడానికి తెజుకా ఒసాము (1928–1989) ‘బుద్ధ’ కంటె తగిన ఉదాహరణ దొరకడం కష్టం. దాని ఆధారంగా వచ్చిన తొలి చిత్రం సంఘటనల విషయంలో మూలాన్ని చాలావరకు అనుసరించింది. కథానిర్మాణంలోనే మూలానికి దూరమైంది.

బుద్ధకథకు కృష్ణాతీరం పరాయి నేల కాదు. ఇబ్రహీంపట్నంలో ఫెర్రీ అని పిలిచే రేవు దగ్గర నిలిస్తే అవతలి ఒడ్డు అమరావతి ప్రాంతం. హైదరాబాదు దారిన పడమరగా వెళితే జగ్గయ్యపేట. నదితో పాటు దిగువకు సాగితే భట్టిప్రోలు, ఘంటసాల. ఈ నేలమీద బుద్ధకథ తెలుగు కావ్యంగా చదవబడక పూర్వమే, శతాబ్దాలకు ముందే, చూడబడింది. అదీ చిత్రకథా పద్ధతిలోనే. జగ్గయ్యపేట మాంధాత ఫలకంలో చేయి పైకెత్తిన చక్రవర్తి మీద నాణేల వాన కురుస్తుంది. చుట్టూ చక్రవర్తి రత్నాలన్నీ ఒకే చట్రంలో ఇమిడి ఉంటాయి. ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి నాళాగిరి పతకం మరింత సాహసోపేతమైనది. ఒక వైపు మదించిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతుంటుంది, మరొక వైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల వద్ద మోకరిల్లి ఉంటుంది. ఒకే వలయంలో ఒకే ప్రాణి రెండుసార్లు కనబడుతుంది. మధ్యలో గడచిన కాలాన్ని చూపరి కన్నే పూరించుకోవాలి. మాంగాలో ఒక గడికి, తరువాతి గడికి నడుమ ఉండే ఖాళీ చేసే పని కూడా ఇదే.

ఇంకొక పోలిక ఉంది. దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టనవసరం లేదు గాని, చెప్పుకోదగినదే. ప్రదక్షిణం చేసే యాత్రికునికి స్తూపం కుడిచేతి వైపున ఉంటుంది. కనుక స్తూపపు మేధి మీది ఫలకాలకు అభిముఖంగా నిలిచి చూస్తే అవి అతనికి కుడి నుండి ఎడమకు ఎదురవుతాయి. జపనీయ మాంగా పుట కూడా కుడి నుండి ఎడమకే నడుస్తుంది.

ఇక కావ్యాల సంగతి. తిరుపతి వేంకట కవుల ‘బుద్ధచరిత్రము’ ఎడ్విన్ ఆర్నాల్డ్ ‘లైట్ ఆఫ్ ఏషియా’ (1879) ఆధారంగా వచ్చింది. అంటే ఆధునిక తెలుగు బుద్ధుడు ఆంగ్లం గుండా తిరిగి ఇల్లు చేరినవాడు. తెజుకా బుద్ధుడు తెలుగు పాఠకులకు ప్రధానంగా ఆంగ్లానువాదం ద్వారానే చేరుతున్నాడన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావుల ‘సౌందరనందము’ (1932) అశ్వఘోషుని కథను తీసుకొని, నందసుందరుల ప్రణయాన్ని విశ్వప్రేమగా మలచింది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి కావ్యం సంగతి పాఠకలోకానికి తెలిసినదే. ఈ కావ్యాలన్నింటిలోను దృష్టికేంద్రం రాజాంతఃపురమే. దుఃఖం ఎక్కడ పుట్టినా రాజకుమారుని కన్నుల గుండానే పాఠకుని చేరుతుంది.

తెజుకా ఈ దృష్టికేంద్రాన్ని కదిలించాడు. 1972లో ప్రారంభమై 1983 వరకు ధారావాహికగా వెలువడిన ‘బుద్ధ’ జపాన్‌లో 14 సంపుటాలుగా, ఆంగ్లంలో 8 సంపుటాలుగా గ్రంథరూపం పొందింది. ఆంగ్ల ప్రతికి 2004, 2005 సంవత్సరాలలో ఐస్నర్ పురస్కారాలు లభించాయి. దాని ఆంగ్ల ప్రతిలోని తొలి సంపుటంలో కథానాయకుడు పుట్టడం తప్ప మరేమీ చేయడు. ఆ సంపుటం మొత్తాన్ని ఆక్రమించినవారు బౌద్ధవాఙ్మయంలో ఎక్కడా లేని కల్పిత పాత్రలు. బానిసగా పుట్టిన ఛాప్ర, అంటరాని కులంలో పుట్టి, జంతువుల మనసులో ప్రవేశించగల బాలుడు తత్త, ఛాప్ర తల్లి. కోసలసేనాని బుదాయిని ఛాప్ర ప్రాణాపాయం నుండి కాపాడతాడు. సేనాని అతడిని దత్తత చేసుకుంటాడు. పుట్టుక దాచి పెరిగిన ఆ యువకుడు గుట్టు బయటపడిన నాడు తల్లితో కలిసి ప్రాణాలు కోల్పోతాడు. సిద్ధార్థుడు ఇల్లు విడవవలసిన లోకం ఎటువంటిదో, అతడు నడక నేర్వకముందే పాఠకునికి తెలిసిపోతుంది.

కుంతకుడు ‘వక్రోక్తిజీవితం’లో ప్రకరణవక్రతను వివరిస్తూ, ప్రసిద్ధకథలో కవి కొత్తగా కల్పించిన ఘట్టం మొత్తం ప్రబంధానికి ప్రాణం కాగలదని నిరూపిస్తాడు. మూలకథలో లేని దుర్వాసశాపాన్ని కాళిదాసు కల్పించడం అందుకు అతడు చూపిన ఉదాహరణలలో ఒకటి. మారన మార్కండేయపురాణంలోని చిన్నకథను పెద్దన మనుచరిత్రగా పెంచినందుకు తెలుగు విమర్శ ఏనాడూ అతనిని మూలద్రోహి అనలేదు. పైగా ఆ పెంపులోనే అతని ప్రతిభను చూసింది. ఛాప్ర కథ తెజుకా కల్పించిన దుర్వాసశాపం వంటిది. కథకు అది అలంకారం కాదు, హేతువు. కాబట్టి అనువర్తనాన్ని పరీక్షించేటపుడు ఛాప్ర ఉన్నాడా లేడా అన్నది కాదు ప్రశ్న. ఆ ఘట్టం ప్రబంధంలో చేసిన పని చిత్రంలోనూ జరిగిందా అన్నదే ప్రశ్న.

తోఎయి యానిమేషన్ నిర్మాణంలో, మొరిషిత కోజో దర్శకత్వంలో తొలి చిత్రం 2011 మే 28న జపాన్‌లో విడుదలయింది. నిడివి 111 నిమిషాలు. ఇందులో ఛాప్ర ఉన్నాడు. తత్త ఉన్నాడు. సిద్ధార్థుడు ప్రేమించిన బందిపోటు యువతి మిగైల, ఆమె కోల్పోయిన కన్నులు, అన్నీ ఉన్నాయి. కాని చిత్రం ఛాప్ర జీవితాన్ని, సిద్ధార్థుని జీవితాన్ని రెండు సమాంతర రేఖలుగా నడిపిస్తుంది. ఒక దృశ్యం కోసలలో, మరొక దృశ్యం కపిలవస్తులో. పైకి ఇది సమతూకంగా కనిపిస్తుంది. నష్టం అక్కడే జరిగింది. మాంగాలో ఛాప్ర ముందు, సిద్ధార్థుడు తరువాత. ప్రశ్న ముందు, ప్రశ్నించేవాడు తరువాత. పక్కపక్కన నిలబెట్టగానే ఛాప్ర కథ సిద్ధార్థుని కథకు హేతువు కాకుండా ఉపమానమైపోయింది. ఆంగ్లంలో చిత్రానికి ‘మహాభినిష్క్రమణం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టడం కూడా ఈ మార్పుకు తగినట్లే ఉన్నది. జపనీయ శీర్షిక నిష్క్రమణాన్ని కాదు, ఎర్రని ఎడారిని సంబోధిస్తుంది.

రెండవ నష్టం హాస్యానిది. తెజుకా బుద్ధకథ నడుమ ఆధునిక వస్తువుల ప్రస్తావన తెస్తాడు. స్వయంగా తానే బొమ్మగా గడిలోకి చొరబడతాడు. విషాదం పరాకాష్ఠకు చేరే వేళ వెకిలి ముఖం పెట్టిస్తాడు. గంభీర పాఠకులకు ఇది అనౌచిత్యంగా తోచవచ్చు. తోలుబొమ్మలాట చూసిన తెలుగువారికి అలా తోచనక్కరలేదు. రామాయణయుద్ధం నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికి దూకి ఊరి సంగతులు మాట్లాడినపుడు రసభంగమైందని ఎవరూ లేచిపోలేదు. దేవతల కథకు, తెరముందు కూర్చున్న మనిషికి నడుమ వారు దుబాసులు. తెజుకా హాస్యం అటువంటిది. ఇది బొమ్మ, దీనిని గీసినవాడొకడున్నాడు, ఈ క్రౌర్యం నీ కాలానిది కూడా అని అది గుర్తుచేస్తుంది. చిత్రం ఈ హాస్యాన్ని దాదాపు పూర్తిగా తొలగించి, పాత్రల రూపురేఖలను వాస్తవికత వైపు జరిపి, ప్రతి దృశ్యానికి ఒకే గాంభీర్యాన్ని పూసింది. కేతిగాడిని వెళ్ళగొట్టిన ఆటలో బొమ్మలు ఎంత చక్కగా ఆడినా అది ఊరి ఆట కాదు. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యాన్ని గాంభీర్యంతో సమానం చేయడం పండితులు కూడా తరచుగా చేసే పొరపాటే కనుక నిర్మాతలను మాత్రమే నిందించడం న్యాయం కాదు.

కదలిక విషయం వేరుగా ఆలోచించదగినది. 1963లో ‘తెత్సువాన్ ఆతోము’ను టెలివిజన్ ధారావాహికగా తీసినపుడు తెజుకా తక్కువ బొమ్మలతో, నిలిచిపోయిన భంగిమలతో కథ నడిపే పద్ధతిని ఎన్నుకున్నాడు. దానికి ఖర్చు, సమయం కారణాలు. అయినా ఆ నిశ్చలతలో ఒక శిల్పమున్నది. ఇబ్రహీంపట్నానికి ఆనుకొనే ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మను చూస్తే ఈ మాట అర్థమవుతుంది. తాటిచెట్టెక్కే గీతకారుని బొమ్మ కదలదు. ఎక్కడం అనే క్రియలో ఏ క్షణాన్ని పట్టుకుంటే మిగిలినదంతా చూపరి ఊహలో కదులుతుందో ఆ క్షణం వద్ద ఆగుతుంది. తెజుకా పుటలో మరణాలు ఇలాగే ఉంటాయి. ఒక విశాలమైన గడి, అందులో ఏమీ జరగదు, కన్ను తనకు తానుగా ఆగుతుంది. 2011 చిత్రంలో సేనలు కదులుతాయి, దుమ్ము కదులుతుంది, ఆకాశం కూడా కదులుతుంది. భూదృశ్యాల చిత్రణలో దానికి సాటి చిత్రాలు తక్కువే. ఆ గొప్పతనాన్ని కాదనలేము. కాని కన్ను ఎక్కడ ఆగాలో నిర్ణయించుకునే స్వేచ్ఛను అది ప్రేక్షకునికి ఇవ్వదు. సాంచీ తోరణం మీది మహాభినిష్క్రమణంలో గుర్రం మీద రౌతు లేడు. అమరావతి శిల్పాలలో శూన్యాసనం, పాదముద్రలు ఎన్నోచోట్ల బుద్ధుని సూచిస్తాయి. అక్కడ చూపనిదే అర్థం. యానిమేషన్ ఈ లేమిని భరించలేని కళ అనుకోనక్కరలేదు. ఈ చిత్రం భరించలేదు, అంతే.

తెజుకా కులచిత్రణ కూడా విమర్శకు అతీతం కాదు. శూద్రుడు, బానిస అన్న మాటలను అతడు దాదాపు పర్యాయపదాలుగా వాడతాడు. పాలీ వాఙ్మయంలో దాసులు, కమ్మకరులు, చండాలురు వేరువేరు వర్గాలుగా కనబడతారు. తత్త కులాన్ని ఆంగ్లప్రతి ‘పారియా’ అంటుంది. పఱై వాద్యంతో సంబంధమున్న ఆ తమిళమూలపదం మగధకోసలాల నాటిది కాదు. ఇవి చరిత్రదోషాలే. అయినా వీటిని లెక్కించి ఆగిపోతే అసలు విషయం జారిపోతుంది. జాషువా ‘గబ్బిలం’ (1941) మేఘసందేశపు చట్రాన్ని తీసుకొని, యక్షుని స్థానంలో ఒక అరుంధతీయుని నిలిపింది. రూపం పాతదే, మాట్లాడే గొంతు మారింది. తెజుకా చేసినది ఆ కోవకు చెందిన పని. తెలుగు బుద్ధకావ్యాలలో ఇటువంటి స్థానభ్రంశం జరగలేదు. అది గబ్బిలంలో జరిగింది. ఈ రెండు శాఖలను కలిపి చదివే పరిశోధనకు తెజుకా ఒక నెపం కాగలడు.

త్రయంగా తలపెట్టిన ఈ చిత్రమాలలో రెండవది, కొముర తొషియాకి దర్శకత్వంలో, 2014 ఫిబ్రవరి 8న విడుదలయింది. సిద్ధార్థుని తపోయాత్ర దీనికి వస్తువు. ఒంటికన్ను సన్న్యాసి ధేప, తన చావు ముందే తెలిసిన బాలుడు అస్సజి అతనికి తోడుంటారు. మాంగా ఒక కుందేలు కథతో తెరుచుకుంటుంది. ఆకలితో ఉన్న వృద్ధునికి పెట్టడానికి ఏమీ దొరకక, కుందేలు తానే మంటలోకి దూకుతుంది. పాలీ శశజాతకానికి అది రూపాంతరం. జాతకంలోని నీరుకుక్క, నక్క, కోతి స్థానంలో తెజుకా ఎలుగుబంటిని, నక్కను పెట్టాడు. ఎన్నో వందల పుటల తరువాత అస్సజి ఆకలిగొన్న తోడేళ్ళకు తన దేహాన్ని అర్పించినపుడు ఆ కుందేలు మళ్ళీ గుర్తుకు వస్తుంది. మొదట ఉపదేశంగా విన్న కథ ఇప్పుడు పరిచయమున్న పిల్లవాని శరీరం మీద జరుగుతుంది. సిద్ధార్థుడు దానిని చూస్తూ ఉండిపోతాడు. కుంతకుని భాషలో ఇది ప్రకరణాల పరస్పరోపకారం. ఒకచోట వేసిన ముడి మరొకచోట బిగుసుకుంటుంది. ఒక చిత్రానికి, మరొక చిత్రానికి దాదాపు మూడేళ్ళ ఎడం ఉన్నపుడు ఆ ముడి బిగుసుకునే అవకాశం లేదు. రెండవ చిత్రాన్ని విడిగా చూసినవారికి అస్సజి మరణం హృదయవిదారకమైన ఘటన మాత్రమే.

ఇన్ని నష్టాల నడుమ తొలి చిత్రం తనంతట తానుగా చేసిన ఒక కల్పన ఉన్నది. అది దృశ్యంలో లేదు, శబ్దంలో ఉన్నది. ఛాప్ర తల్లికి, చిత్రకథనం వినిపించే గొంతుకు ఒకే నటి, యొషినాగ సయురి, స్వరమిచ్చింది. తెజుకా ఆ తల్లికి పేరైనా పెట్టలేదు. ఆమె మాంగా అంతటా ఛాప్ర తల్లిగానే మిగిలిపోతుంది. చిత్రంలో ఆ పేరులేని బానిస స్త్రీ చనిపోయిన తరువాత కూడా ఆమె కంఠం ఆగదు. శాక్య రాజకుమారుడు ఇల్లు విడిచి వెళ్ళిన సంగతిని ప్రేక్షకునికి చెప్పేది ఆ కంఠమే. ఇది ఆలోచించి చేసిన నిర్ణయమో, ప్రముఖనటి లభించిన సౌకర్యమో చిత్రం నుండి తేల్చలేము. తేల్చవలసిన పని కూడా లేదు. మాంగా పుటలో సాధ్యం కానిది, స్వరమున్న కళకు మాత్రమే సాధ్యమైనది, ఈ 111 నిమిషాలలో అదొక్కటే.